తాత ఊరికి పోలేదు

మావయ్యా,

బాగున్నారా అని రాయబోయి ఆగిపోయాను. మరి ఏమని మొదలుపెట్టాలి... మీరు వెళ్ళాక ఒక ఎండాకాలం మొత్తం గడిచిపోయింది. వానలు కూడా సగానికొచ్చాయి. ఎల్బీనగర్‌లో మనం ఉండేది ఇంకా అదే కిరాయి పోర్షన్. మీ గదిలో ఇప్పుడు నేను ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసుకుంటున్నాను. చేసుకుంటున్నానంటే... కూర్చుంటున్నాను. కాసేపటికే లేస్తాను. వంటింట్లోకి వెళ్తాను, ఎందుకొచ్చానో గుర్తుండదు. బాల్కనీలోకి వెళ్తాను. మళ్ళీ వచ్చి కూర్చుంటాను.

బుడ్డోడు పడుకున్నాడు. వాడు లేచేలోపు ఈ ఉత్తరం అయిపోవాలి. మూడో ఏడు నిండబోతోంది మీ మనవడికి. మేం విహాన్ అని పేరు పెట్టుకున్నా, మీరు పిలిచిన బుడ్డోడే ఖాయమైపోయింది.

నిన్న మా ఆఫీసు అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ళ పాప నడవడం మొదలుపెట్టిందట. "అక్కా, మీ బాబుకి బాగా పనికొచ్చిన వస్తువులేంటో చెప్పవా, ఆర్డర్ పెట్టుకుంటాను" అంది. ఓ, దానికేం అన్నాను. చెప్పబోతే ఏం గుర్తొచ్చాయో తెలుసా?

ముందు ఉయ్యాల. నేను నెలరోజులు వెతికి వెతికి మడతపెట్టే మంచమొకటి తెప్పించాను, దోమతెరతో సహా. వాడు అందులో ఒక్క పూటైనా పడుకున్నాడా? మీరేమో, పోయిన అత్తయ్య పాత చీర బయటికి తీసి, లారీ నడిపిన రోజుల్లో లోడుకి తాడు బిగించినట్టు కొక్కేనికి ముడేసి బిగించారు. "ఇగ సూడు బిడ్డా, గిది ఊగుతది గని ఊడది" అన్నారు. ఊడలేదు. ఆ మంచంలో ఇప్పుడు ఉతికిన బట్టలు పోస్తున్నాం.

తర్వాత మీ తువ్వాల. నేను గుండ్రటి ప్లాస్టిక్ వాకర్ కొంటే, "గిండ్ల బండి నడుస్తది గని పిల్లగాడు నడుస్తడా?" అన్నారు. వాడి చంకల కింద నుంచి తువ్వాల చుట్టి, వెనక రెండు కొసలూ పట్టుకుని, గల్లీలో ఆ చివరికీ ఈ చివరికీ తిప్పారు. వీధిలో వాళ్ళంతా నవ్వారు. వాడికంటే మీరే ఎక్కువ నవ్వారు.

రెండు స్టీలు గ్లాసులు, ఒక గిన్నెడు నీళ్ళు... బాల్కనీలో కూర్చోబెట్టి ఇందులోంచి అందులోకి పొయ్యమంటే చాలు, నా మీటింగ్ మొత్తం గడిచిపోయేది. గోళ్ళు తీయాలంటే ఇల్లు పీకి పందిరేసేవాడికి, ముందు మీ చెయ్యి చాపి "నాయి తియ్యి దోస్తూ" అనేవారు. వాడు ఉత్త వేళ్ళతో మీ గోళ్ళన్నీ తీసినట్టు తీసి, ఆ తర్వాత బుద్ధిగా తన చెయ్యి ఇచ్చేవాడు. ఇవి ఎక్కడ దొరుకుతాయని ఆ అమ్మాయికి చెప్పను?

నేను కొన్నవి కూడా మీరు మెచ్చుకున్నారులెండి. బాత్రూములో జారకుండా వేసిన రబ్బరు పట్టా చూసి, "గిది మంచిగ తెచ్చినవ్ బిడ్డా, నాగ్గూడ అక్కరకొస్తది" అన్నారు. కమోడ్ మీద పెట్టే పిల్లల సీటు చూసినప్పుడు మాత్రం మీకు నవ్వాగలేదు. కానీ వాణ్ణి దాని మీద కూర్చోబెట్టి, ఎదురుగా పీట వేసుకుని, లారీ కథలు చెప్పి అలవాటు చేసింది మీరే. "సామాన్లు ఎన్నుంటేంది బిడ్డా, పిల్లగానికి సోపతి గావాలె, జతకు మనిషి గావాలె" అనేవారు.

ఆ అమ్మాయికి రబ్బరు పట్టా కొనుక్కోమని చెప్పి పెట్టేశాను. మీకు చెప్పాల్సింది ఒకటుంది. తిన్నగా దాని దగ్గరికి రాలేక ఇవన్నీ రాస్తున్నాను.

ఆ పొద్దున మీకు నొప్పి వచ్చినప్పుడు వాడు మీ పక్క మీదే నిద్రపోతున్నాడు. ఆసుపత్రికి వెళ్తూ మలక్‌పేట దాటకముందే... మీ అబ్బాయి నరేష్ భుజం మీదే... ఆసుపత్రి నుంచి అటే మిమ్మల్ని ఊరికి తీసుకెళ్ళాం. తెనాలి నుంచి వచ్చి ఉన్న మా అమ్మ దగ్గర వాణ్ణి వదిలేశాం. రాత్రి పక్కలో పడుకోబెట్టుకున్న తాత తెల్లారేసరికి లేడు. వాడికి తెలిసింది అంతే.

తిరిగొచ్చాక వాడడిగిన మొదటి మాట, "తాత ఏడి?"

నరేష్ నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. "తాత ఊరికి పోయిండు రా" అన్నాడు నరేష్.

పూర్తి అబద్ధం కూడా కాదు కదా... మీరు వెళ్ళింది ఊరికే.

కానీ మీరు నెలనెలా బస్సెక్కి ఊరికి వెళ్ళేవారు. ముంజలో, సీతాఫలాలో, కంకులో సంచినిండా వేసుకుని మర్నాడే దిగేవారు. అందుకని వాడు ఎదురుచూశాడు. రోడ్డు మీద పోయే ప్రతి బస్సూ మీ బస్సే. భోజనం మధ్యలో లేచి బాల్కనీలోకి పరుగు. బిస్కెట్ ఇస్తే సగం కొరికి, సగం "తాతకి" అని దాచేవాడు. చీమలు పట్టేవి. పారేస్తే ఏడుపు.

నాలుగు రోజుల్లో మర్చిపోతాడనుకున్నాను. "చిన్నపిల్లాడికి చావు గురించి చెప్పడం ఏవిటే? వాడే మర్చిపోతాడులే" అంది అమ్మ కూడా. మర్చిపోతాడని బ్యాటరీ రైలు కొన్నాను. గుడారం లాంటి బొమ్మరిల్లు కొన్నాను. వాడు ఆ ఇంట్లోకి దూరి బయటికి రాలేదు.

ఇంకోటి మొదలైంది. సీటు మీద కూర్చోనంటాడు. ఉచ్చ బిగబట్టుకుని, కాళ్ళు ముడుచుకుని, ఏడుస్తాడు. ఆపుకోలేక బట్టల్లో పోసుకుంటే ఇంకా ఏడుస్తాడు. డాక్టరుకి చూపిస్తే ఒంట్లో ఏ సమస్యా లేదన్నారు. మరెందుకు? నాకెలా తెలుస్తుంది... వాడి భాష అర్థమయ్యేది మీకు కదా.

మొన్న శనివారం సాయంత్రం వాడికి చెప్పులు కొందామని దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాను. శనివారం అక్కడ జనం ఎలా ఉంటారో మీకు తెలుసుగా. కొట్టువాడు చెప్పులు సంచిలో వేస్తున్నాడు. నేను ఫోన్‌లో స్కాన్ చేసి తల ఎత్తాను. చెయ్యి ఖాళీగా ఉంది.

మావయ్యా, ఆ తర్వాత నేనేం చేశానో వరుసగా చెప్పలేను. బుడ్డోడా అని అరిచాను. విహాన్ అని అరిచాను. చీరల కొట్టులోకి దూరాను, బయటికొచ్చాను. తోపుడు బండ్ల కిందికి వంగి చూశాను. ఎవరో "ఏ రంగు అంగీ అమ్మా?" అని అడిగితే గుర్తు రాలేదు. పొద్దున నా చేతులతో తొడిగిన అంగీ... రంగు గుర్తు రాలేదు. రోడ్డు మీద బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. వాటి చక్రాల వైపు చూడలేక చూస్తున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది... బస్సులు!

స్టాపు వైపు పరిగెత్తాను. అక్కడ బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ధోవతి, భుజాన తెల్ల తువ్వాల. వెనక నుంచి చూస్తే అచ్చం మీరే. ఆయన పక్కన, ధోవతి అంచు పిడికిట్లో పట్టుకుని వీడు.

"నీ పిలగాడేనా బిడ్డా?" అన్నాడాయన. "నా ఎనకనే ఒచ్చిండు. ధోతి ఇడుస్తలేడు. ఊరికి పోదాం పా అంటుండు. తల్లి ఎతుక్కుంట ఒస్తదని ఒక బస్సు ఇడిసిన."

నేను వాణ్ణి గుంజుకుని అక్కడే కూలబడ్డాను. "పరేషాన్ గాకు, దొరికిండు గదా. జర నీళ్ళు తాగు" అని ఆయన తన సీసా ఇచ్చాడు.

బుడ్డోడు ఏడవలేదు. ఆయన మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత నాతో మెల్లగా అన్నాడు. "అమ్మా, గీ తాత మన తాత గాదు."

కాదు నాన్నా, అన్నాను.

"మన తాత ఎప్పుడొస్తడు?"

రేపొస్తాడులే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది మావయ్యా. ఎన్నిసార్లు అనలేదు... ఆ రోజు మాత్రం బయటికి రాలేదు. మళ్ళీ వాడు ఇంకో తువ్వాల వెనక వెళ్తే?

"తాత ఊరికి పోలేదు నాన్నా. తాత చనిపోయారు."

"అంటే?"

"తాత గుండె ఆగిపోయింది. ఇంక కళ్ళు తెరవరు. అన్నం తినరు. మన దగ్గరికి రారు."

"బస్సెక్కి రాడా?"

"రారు."

"రేపు?"

"రేపు కూడా రారు."

కాసేపు చెప్పు అంచు గోకాడు. తర్వాత అడిగాడు చూడండి... "నేను పక్కల ఉచ్చ పోసిన. గందుకే కోపమొచ్చి పోయిండా?"

ఆ రాత్రి మీ పక్క తడిపాడా మావయ్యా? నాకు తెలియదు. ఆ హడావిడిలో ఎవరు చూశారు? మీరైతే లేచి, దుప్పటి మార్చి, పొద్దున నవ్వుతూ చెప్పేవారు. చెప్పడానికి మీరు లేరు. ఇన్ని నెలలు వాడు ఆ చిన్న కడుపులో ఇది పెట్టుకుని తిరిగాడు. మీకు మళ్ళీ కోపం రాకుండా బిగబట్టుకున్నాడు.

నేను వాడి ముందు ఎప్పుడూ ఏడవలేదు. ఆ స్టాపులో అంతమంది మధ్య ఏడ్చాను. కాదు నాన్నా, కాదు, తాతకి నీ మీద ఎప్పుడూ కోపం రాలేదు, ఉచ్చ పోస్తే ఎవరూ చనిపోరు అని మళ్ళీ మళ్ళీ చెప్పాను. వాడు నా కంట్లో నలుసు పడిందనుకున్నట్టు దగ్గరికొచ్చి ఉఫ్ అని ఊదాడు. తర్వాత వాడూ మొదలుపెట్టాడు. పెద్దగా, వెక్కి వెక్కి. పెద్దాయన బస్సొచ్చింది. వాడి తల మీద చెయ్యి పెట్టి, ఎక్కి వెళ్ళిపోయాడు. ఆయన పేరు కూడా అడగలేదు.

ఇంటికెళ్ళి చెప్తే నరేష్‌కి కోపమొచ్చింది. "గంత చిన్న పోరనికి గట్లెట్ల జెప్తవ్? జర పెద్దగయినంక నేనే జెప్తుంటి గదా" అన్నాడు. నేనూ ఏదో అన్నాను. ఇద్దరం చెరో మూలా నిలబడ్డాం. మీరు పోయినప్పటినుంచి నరేష్ కంట తడి చూడలేదు నేను. దినాలప్పుడు కూడా వచ్చినవాళ్ళకి విస్తర్లు వేస్తూ తిరిగాడు. పని, పని... ఒక్క చోట నిలవలేదు.

బుడ్డోడు వాళ్ళ నాన్న ముందుకెళ్ళి నిలబడి, ఏదో కొత్త సంగతి తెలిసినవాడిలా చెప్పాడు. "నాయినా, తాత సచ్చిపోయిండు. గుండె ఆగింది. కోపం గాదు."

నరేష్ చెప్పుల స్టాండు పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. వీపు కదలడం చూసి నాకు భయమేసింది.

బుడ్డోడు కూడా చూశాడు. పక్కన చతికిలబడి, వాళ్ళ నాన్న చెవిలో అడిగాడు. "నాయినా, నువ్వు గూడ పక్కల పోసినవా?"

ఏడుస్తున్నవాడల్లా నవ్వేశాడు నరేష్. "పోసిన రా. శానాసార్లు పోసిన. లారీల గూడ పోసిన. ఒక్కనాడు కోప్పడలే మా బాపు."

బుడ్డోడి కళ్ళు ఎంత పెద్దవయ్యాయో! నాన్నకీ తాత నాన్నేనని, నాన్న కూడా మీ పక్కలో పడుకునేవాడని వాడికి అప్పటిదాకా తెలియదు. ఇంకో కథ, ఇంకో కథ అని వెంటపడ్డాడు. తండ్రీ కొడుకులు ఆ గుమ్మంలోనే కూర్చున్నారు. కుక్కర్ పెట్టి వచ్చి నేనూ కూర్చున్నాను.

అంతా సర్దుకుందని మీకు చెప్పలేను. సీటు మీద ఒక రోజు కూర్చుంటున్నాడు, ఒక రోజు కూర్చోనంటున్నాడు. "ఇయ్యాల వస్తడా?" అని ఇంకా అడుగుతాడు. రాడు అంటే తలూపి ఆడుకుంటాడు. నిన్న బొమ్మ ఏనుగుని పడుకోబెట్టి "ఏనుగు సచ్చిపోయింది, గుండె ఆగింది" అని ఆడుతుంటే, ఫోన్‌లో ఉన్న మా అమ్మ "ఏవిటా మాటలు, అపశకునం" అని కసిరింది. ఎక్కువ చెప్పానా? తొందరపడ్డానా? ఇంకో మాట ఏదైనా ఉందా, మీకు తెలిసిన మాట? ఎవర్నడగాలి...

వచ్చే ఆదివారం వాణ్ణి ఊరికి తీసుకొస్తున్నాం. మీ చేను గట్టున, మిమ్మల్ని మట్టిలో ఉంచిన చోటుకి. నరేషే అన్నాడు, తీసుకుపోదామని. అప్పుడే ప్రశ్నలు మొదలయ్యాయి. తాతకి చీకటి గాదా? వానకి తడుస్తడా? మట్టి కండ్లల్ల పడదా? అక్కడికొచ్చి నిలబడ్డాక ఇంకేం అడుగుతాడో.

కానీ మీకు మాటిస్తున్నాను. వాడు ఏది అడిగినా నాకు తెలిస్తే చెప్తాను. తెలియకపోతే తెలియదనే చెప్తాను. చెప్తూ ఏడుపొస్తే వాడి ముందే ఏడుస్తాను.

లేచినట్టున్నాడు... పిలుస్తున్నాడు. వెళ్తున్నాను మావయ్యా.

మీ కోడలు,
శిరీష