పసుపు గడిలో నా పక్క చోటు

నాయనకు, అమ్మకు మీ రూతు వందనాలు. దేవుని దయతో నేనిక్కడ బాగున్నాను, నా గురించి దిగులు పెట్టుకోకండి. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఎప్పటిలాగే ఈ ఉత్తరం చెల్లి సునీతే మీకు చదివి వినిపిస్తుంటుంది. ఏ ముక్కా మింగకుండా చదువు తల్లీ.

మద్రాసు దగ్గర కదా, ఒకటే ఉక్క. హాస్టల్ సాంబారు తింటుంటే అమ్మ సజ్జరొట్టె గుర్తొచ్చి ముద్ద దిగదు. కార్లలో స్పీడు చూపించే మీటరు ఉంటుందే, దాని వెనక ఉండే కరెంటు బోర్డులు చేస్తాం మేము. ఒక్కోసారి కలలో ఒక కారు మన రాచర్ల దారిలో వస్తుంది. గొర్రెల మంద దాటేదాకా ఆగుతుంది. లోపల ఎవరూ ఉండరు, నా మీటరు మాత్రం వెలుగుతూ ఉంటుంది.

అమ్మా, నువ్విచ్చిన ప్రార్థన నూనె చేతులకు రాసుకుని పనికి దిగాను. బోర్డులన్నీ మరకలే! మా వరసలో పని చూసే లైన్ లీడరు మేరీ అక్కది మన వైపు యర్రగొండపాలెమే. "ఏంది పాపా ఇది, బోర్డులు చేసినావా, వడలు కాల్చినావా?" అంది. ఏడ్చేశాను. పాస్టరయ్య ప్రార్థన చేసి ఇచ్చిన నూనె అని చెబితే మెత్తబడింది. "నేనూ రాసుకుంటా. చేతులకు కాదు, పాదాలకు. పొద్దంతా నిలబడేది అవే గదా" అని, నాతో కూర్చుని మరకలన్నీ తుడిచింది.

ఇప్పుడు ఫ్యాక్టరీ పెంచుతున్నారు. కొత్త షెడ్డులోకి ఇంకా యంత్రాలు రాలేదు. మనిషి నిలబడే చోటల్లా నేల మీద పసుపు గడి గీశారు. అక్క నా గడి చూపించింది. అందులో నిలబడి పక్క గడి చూస్తే, సునీత అక్కడ నిలబడి నవ్వుతున్నట్టే అనిపించింది. "ఇంట్లో ఇంకెవరన్నా ఉంటే రమ్మను, ఈ నెలలోనే తీసుకుంటారు" అంది అక్క.

నాయనా, ఫోన్లో ఈ మాట ఎత్తితే, "ఒకదాన్ని పంపినాం, చాల్లే. ఇద్దరూ పోతే ఇంట్లో ఎవరి మొగం చూసుకోవాల?" అన్నావు. నీ బాధ నాకు తెలుసు. కానీ కష్టపడి దాన్ని ఐటీఐ చదివించింది నువ్వే కదా, ఇప్పుడది మిరపకాయల కూలికి పోతోంది. ఇక్కడ హాస్టల్లో నా గదిలోనే ఉంటుంది, నా కళ్లముందే ఉంటుంది. రావాలని దానికెంతో ఆశ. నీకు చెప్పే ధైర్యం లేక నాకు చెప్పుకుంది. నువ్వు ఒప్పుకోకపోతే మాత్రం రాదు.

అవ్వకు, పాస్టరయ్యకు నా వందనాలు చెప్పండి. అమ్మా, ఈసారి నూనె సీసా పెద్దది పంపు, నాలుగు పాదాలకు సరిపోవాలి.

నాయనా, ఇక్కడికి వచ్చేసరికి సునీత ఉత్తరాన్ని మొగానికి అడ్డం పెట్టుకుని ఉంటుంది. అది పక్కకు తీసి, రావాలనుందా అని దాన్నే అడుగు.

మీ ప్రార్థనలే అండగా,
మీ కూతురు రూతు