రాలిపోయిన జన్యువు

చి. సౌ. చిట్టికి,

అక్క దీవెనలు. ఇక్కడ అమ్మా, మీ ఆయనా కులాసా. నీ పొక్కులు మానుముఖం పట్టాయని ఆ వార్డు నర్సు చెబితే ప్రాణం లేచొచ్చింది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు అలాగే ఉంది, మందు వేసుకోమంటే నా మీద గయ్యిమంటుంది. మీ ఆయన వంట నేర్చాడు. అది తినేకంటే నీ వార్డు తిండే నయం.

పరీక్షలో ఏమీ లేదన్నాక జబ్బెలా వచ్చింది, నేనే చేతులు సరిగ్గా కడుక్కోక బాబుకు అంటించానా అని రాశావు. అది చదివి ల్యాబులోనే ఏడ్చాను. విను. మశూచికి చుట్టమైన ఈ వైరస్ జన్యుపటం పొడవాటిది, దాదాపు రెండు లక్షల అక్షరాలు. నడుమ జన్యువులు అది బతకడానికి. రెండు చివరలవి ఎక్కువగా మన ఒంటిని మాయ చేయడానికి. చివరలవి అప్పుడప్పుడు రాలిపోతుంటాయి, అయినా అది చావదు. మా పరీక్ష వెతికేది చివరనున్న ఒక జన్యువును. నీకొచ్చిన వైరస్‌లో సరిగ్గా అదే రాలిపోయింది. నెత్తిన టోపీ లేదని, అసలు దొంగే లేడన్నాం.

ఇంతవరకూ మా పెద్ద డాక్టరు అందరికీ చెబుతున్నదే. ఇక ఎవరికీ చెప్పనిది రాస్తున్నాను. ఇలాంటి పొరపాటు జరగకూడదనే నడుమ జన్యువుకు రెండో పరీక్ష చేస్తాం. నీ నమూనాకు చేసింది నేనే. అందులో వైరస్ ఉంటేనే లేచే గీత సన్నగా పైకి లేచింది. ఇంకెవరిదైనా అయితే మళ్ళీ చేసేదాన్ని. నీది కాబట్టి, పక్క గొట్టంలోంచి ఇంకెవరి నమూనానో చింది ఉంటుందిలే అనుకున్నాను. అలా అనుకోవాలనిపించింది, అంతే. లేదని రాసేశాను.

రోగుల దగ్గర పనిచేసేదానివి, వేలి మీద పొక్కు కనబడగానే గది తలుపేసుకుని బిడ్డకు దూరంగా కూర్చున్నావు. నేనే ఫోన్ చేసి, "ఏమీ లేదే పిచ్చిమొహమా, తలుపు తీసి వాడికి పాలివ్వు" అన్నాను. భయంగా ఉందక్కా అన్నావు. నవ్వాను కూడా.

నీ చేతుల తప్పేమీ లేదు చిట్టీ. వాటిని తిట్టుకోకు.

వాడు నన్ను మరిచిపోతాడేమోనని చివర్లో అడిగావు. మరవలేదు. నీ దుప్పటి పక్కన వేస్తే ఏడుపు ఆపేస్తాడు. కానీ పొక్కులు కళ్ళల్లోకి దిగాయి. నీకు చెప్పొద్దని మీ ఆయన ఒట్టు వేయించుకున్నాడు. రెండు కళ్ళూ పోయాయి. నువ్వొచ్చి ఎత్తుకున్నప్పుడు వాసన పట్టి గుర్తుపడతాడు. నీ మొహం వాడికిక తెలియదు.

ఇట్లు,
క్షమించమని అడగలేని
నీ అక్క