ఇసుకకు ఆదివారం లేదు

అక్టోబర్ 29, సోమవారం
లుబ్బెర్ట్ రొయ్యల పడవ మునిగిన చోట సర్వే చేశారు. అతని శవం ఇంకా లోపలే ఉంది. శబ్ద తరంగాలతో తీసిన సోనార్ చిత్రంలో, పడవకు ఒక పక్క ఇసుకను ప్రవాహం తోడేసింది, రెండో పక్క పోగేసింది. మా సముద్రం అడుగున అక్కడంతా ఇంటెత్తు ఇసుక దిబ్బలే. ఆటుపోట్లు వాటిని కడతాయి, తుపాను అలలు కదుపుతాయి. ఒక దిబ్బ అప్పుడే పడవను ఆనుకుంది. ఇంకో తుపాను వస్తే పడవ కనపడదు పెద్దాయనా అని సర్వే చేసిన ఫెంకె లుబ్బెర్ట్ తండ్రి రీకెల్ట్‌తో చెప్పింది. రీకెల్ట్ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

అక్టోబర్ 31
గాలి. శవాన్ని తీయడానికి వచ్చిన డైవర్లు క్యాంటీన్‌లో పేకాడుతున్నారు.

నవంబర్ 2, శుక్రవారం
ఆదివారం ఒక్కరోజే తెరిపి. సోమవారం తుపాను. డైవర్లు సిద్ధం. వాళ్ళను తీసుకెళ్ళాల్సింది రీకెల్ట్ పడవ. బయటి పడవ వచ్చేసరికి వారం దాటుతుంది.
ఆదివారం దేవుడి రోజని మా రేవులో పడవ కదలదు. రీకెల్ట్ చర్చి పెద్ద.

నవంబర్ 3, శనివారం
రీకెల్ట్ వంటింట్లో కాఫీ. మీ పేపరుకీ ఆదివారం సెలవే కదా, మాకుంటే తప్పా అని నన్ను దెప్పాడు. ఆ ఇసుకకు ఉందేమిటయ్యా ఆదివారం అంది భార్య మారెత్యె. మన లుబ్బెర్టే ఉంటే వాడూ ఆదివారం కదిలేవాడు కాదే అన్నాడు. నీకు భయపడి ఆగేవాడు, దేవుడికి కాదు అని ఆమె నా కప్పు నింపింది. కాఫీ నేను అడగలేదు.
అలిసిపోయాను. ఇద్దరి మాటా రాసుకున్నాను. ఏదీ పేపరుకు పనికిరాదు.

నవంబర్ 4, ఆదివారం
సముద్రం మీద అల లేదు. చర్చిలో రీకెల్ట్ ఎప్పటి చోటే కూర్చుని పాడాడు. మారెత్యె రాలేదు. బయటికొచ్చి చూస్తే రేవులో ఉంది. భర్త పడవ తాడు విప్పి, పడవలోనే కూర్చుంది. డైవర్లు గట్టు మీద నిలబడ్డారు. నడిపేవాడు లేడు. రీకెల్ట్ వచ్చి తాడు మళ్ళీ కట్టాడు.
ఆదివారం ముడి వేయడం పని కాదేమిటయ్యా అంది.

నవంబర్ 5
తుపాను.

నవంబర్ 8, గురువారం
కొత్త చిత్రంలో పడవ లేదు. దిబ్బ, దాని వీపు మీద వరసగా సన్నటి ఇసుక ముడతలు. దిబ్బ దాటిపోతే బయటపడుతుంది, ఏళ్ళు పట్టొచ్చు అంది ఫెంకె. ఎటు కదులుతోందమ్మా అన్నాడు రీకెల్ట్. ఉత్తరానికి అంది. చిత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నవంబర్ 11, ఆదివారం
చర్చిలో రీకెల్ట్ చోటు ఖాళీ. రేవులో అతని పడవ చోటూ ఖాళీ.
పేపరుకు ఏమీ పంపలేదు.