చేటలో దొరికిన ముక్కుపురుగు

జూలై 9, బుధవారం

నానమ్మా,

ఈ రోజు పొద్దున్నే, చచ్చిన పురుగొకటి ఎగిరిపోయింది. అండమాన్ దీవి నుంచి పటాన్‌చెరులోని మా ల్యాబ్‌కు వచ్చిన కొత్త జాతి ముక్కుపురుగు అది. ఇప్పటివరకు దొరికింది ఆ ఒక్కటే. దాని వర్ణన రాసే పని నాది. దాని మీద దుమ్ము కనిపిస్తే, నువ్వు జొన్నల మీద ఊదినట్టు ఉఫ్‌మని ఊదేశాను.

"ఉన్నదే ఒక్కటి గదమ్మా! ఏం జేసినవ్?" అంటూ మా ల్యాబ్ పెద్ద సార్ కుర్చీలో కూలబడ్డారు.

ఆటోలో ఇంద్రేశంలోని మన ఇంటికి పోయి నీ గది తాళం తీశాను. నువ్వు పోయాక తీయడం ఇదే మొదలు. నీ చేట తెచ్చి, ల్యాబ్ నేలంతా ఊడ్చిన దుమ్మును అందులో పోశాను. "జెర నిమ్మళంగ, బిడ్డా. గుండ్రంగున్నది అదే దొర్లొస్తది" అనేదానివి కదా. చేట వంచి మెల్లగా తట్టాను. దుమ్ము పైనే నిలిచింది, పురుగు అంచుకు దొర్లొచ్చింది. ఆరు కాళ్లూ ఉన్నాయి.

"ఈ మిషన్ ఏడ దొరికిందమ్మా?" అని సార్ నవ్వారు.

"మా నానమ్మది" అన్నాను.

వర్ణనలో కొలత మిల్లీమీటర్లలోనే రాశాను. నా నోట్‌బుక్‌లో మాత్రం 'సజ్జగింజంత' అని నీ మాటే రాసుకున్నాను.

చేట ఇంకా ల్యాబ్‌లోనే ఉంది. రేపు పొద్దున నా బల్ల పక్కన గోడకు మేకు కొట్టి తగిలిస్తాను.