ముప్పైరెండు ఓమ్స్

మార్చి 3, సోమవారం

జ్వరం తగ్గింది. రెండు రోజుల సెలవు తర్వాత ఇవాళే డ్యూటీకి వెళ్ళాను. సాయంత్రం అన్నయ్య కొత్త హెడ్‌ఫోన్స్ చేతిలో పెట్టాడు. నా పుట్టినరోజుకి ఇంకా నెల ఉంది కదా అంటే, ముందే ఇస్తే వద్దంటావా ఏంటి అన్నాడు.

పాట పెట్టాను. ఎవరో బావిలోంచి పాడుతున్నట్టుంది. వాల్యూమ్ మొత్తం పెంచినా అంతే. బాగున్నాయన్నాను. ఊరికే వచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెడతామా? షాపువాడు వాణ్ణి నిలువునా ముంచాడు, సందేహం లేదు.

మార్చి 5, బుధవారం

ఫ్యాక్టరీలో ఈ ఏటి చెవి పరీక్షలు మొదలయ్యాయి. మనిషిని గాజు గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ తగిలిస్తాను. బయట మెషీన్ దగ్గర కూర్చుని బీప్ తగ్గించుకుంటూ పోతాను. వినిపించినంతసేపూ బటన్ నొక్కాలి. మరీ వినపడకపోతే ఆ మనిషిని ప్రెస్ షాపులోంచి తీసి ప్యాకింగ్‌లో వేస్తారు. అన్నయ్య ప్రెస్ మీద పద్దెనిమిదేళ్ళుగా ఉన్నాడు. నన్ను ఇక్కడ నర్సుగా చేర్పించింది కూడా వాడే. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చేదీ వాడే, కానీ గాజు గది వైపు మాత్రం చూడడు. వాళ్ళ బ్యాచ్ ఆఖర్న ఉంది.

పొద్దున్నే మెషీన్‌ని నా చెవులతో సరిచూసుకోవాలి, అది రూలు. ఎప్పుడూ వినపడని చిన్న బీప్‌లు కూడా ఇవాళ వినిపించాయి. నావి పాముచెవులని అన్నయ్య ఊరికే ఏడిపించడు మరి! గర్వంగానే రాసుకున్నాను.

పద్నాలుగు మంది. అందరూ పాస్.

మార్చి 7, శుక్రవారం

ఇంకో పదహారు మంది. అందరూ పాస్. ప్రెస్ షాపులో పనిచేసే పొడుగాయన కూడా.

ఇది మింగుడుపడటం లేదు. పొడుగాయన పోయినేడు ఫెయిలయ్యే అంచు మీద ఉన్నాడు. ఇవాళ వరండాలో వెనకనుంచి మూడుసార్లు పిలిస్తే తిరగలేదు, భుజం తడితే ఉలిక్కిపడ్డాడు. గాజు గదిలో మాత్రం చీమ చిటుక్కుమన్నా వినేశాడు. పోతూ పోతూ, ఈసారి మీ బీప్‌లలో బొంగురు కూతలు బాగా లావెక్కాయి మేడం అన్నాడు.

పోయిన చెవి తిరిగి రాదు. నాకు నేర్పిన మొదటి పాఠమే అది.

మార్చి 8, శనివారం

సేఫ్టీ ఆఫీసర్ నవ్వుతూ వచ్చాడు. ఆయన నా గదికి నవ్వుతూ రావడం ఇదే మొదలు. ఇప్పటిదాకా ఒక్క చెవీ పోలేదట, పైవాళ్ళు తెగ మెచ్చుకుంటున్నారట. మెషీన్ మీద చెయ్యేసి నిమిరాడు. ఆ నిమరడం నాకు నచ్చలేదు. ఈ గది డూప్లికేట్ తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది.

మార్చి 9, ఆదివారం

వదిన టీవీ రిమోట్ దాచేసింది. అన్నయ్య పెట్టే వార్తలు వీధంతా వింటోందట. మీ అన్నయ్యతో మాట్లాడేకంటే గోడతో మాట్లాడటం నయం అంది. పెళ్ళయిన పన్నెండేళ్ళకి ఏ మొగుడైనా అంతే వదినా అన్నాను. నవ్వింది గానీ, అది నవ్వులా లేదు.

మార్చి 10, సోమవారం. 11:40

పొడుగాయన వెనక ఫోర్క్‌లిఫ్ట్ రివర్స్‌లో వచ్చింది. బూటు నలిగింది, పాదం చీరుకుపోయింది. కాలు దక్కడం అదృష్టం. కట్టు కడుతున్నంతసేపూ హారన్ కొట్టలేదని డ్రైవర్ని తిడుతూనే ఉన్నాడు. హారన్ మోగింది. ఇక్కడ, తలుపు వేసుకుని ఉన్న నాకు వినిపించింది.

ఆయన ఫైల్లో 'నార్మల్' అని ఉంది. కింద నా సంతకం.

మార్చి 11, మంగళవారం

మనసు మళ్ళించుకుందామని అన్నయ్య ఇచ్చిన హెడ్‌ఫోన్స్‌ని రిపేరు షాపుకి తీసుకెళ్ళాను. అట్టపెట్టె మీద స్పీకర్ నిరోధం ముప్పైరెండు ఓమ్స్ అని ఉంది. షాపాయన మీటర్ పెడితే దాదాపు మూడొందలు చూపించింది. ఎవరో లోపలి స్పీకర్లు మార్చేశారమ్మా, స్క్రూలన్నీ గీసుకుపోయి ఉన్నాయి చూడు అన్నాడు. హెడ్‌ఫోన్‌కీ దాన్ని పాడించే ఆంప్‌కీ ఈడూ జోడూ కుదరాలట. మూడొందల ఓమ్స్‌వి గట్టి ఆంప్‌కి తగిలిస్తే హాయిగా పాడతాయట, ఫోన్‌లాంటి బక్కప్రాణికి తగిలిస్తే గొంతు పెగలదట.

మరి గట్టి ఆంప్‌కి ముప్పైరెండువి తగిలిస్తే అని అడిగాను. అరుస్తాయమ్మా, కొన్ని ఆంప్‌లలో అయితే కింది సౌండు ఉబ్బిపోతుంది కూడా అన్నాడు.

పొడుగాయన చెప్పిన లావు కూతలు గుర్తొచ్చాయి. మీటర్ ఒక్కరోజు అరువు అడిగాను.

మార్చి 12, బుధవారం. ఉదయం 7:30

మెషీన్ వెనక రేకు మీద 300 ఓమ్స్ అని చెక్కి ఉంది. దాని హెడ్‌ఫోన్స్‌కి మీటర్ పెట్టాను. ఎడమ ముప్పైఒకటి, కుడి ముప్పైఒకటి.

సేఫ్టీ ఆఫీసర్ని అనుమానించాను. సర్వీసుకొచ్చే మెకానిక్‌ని అనుమానించాను. చివరికి హెడ్‌ఫోన్స్ అమ్మిన షాపువాణ్ణి కూడా వదల్లేదు. ఇక్కడుండాల్సిన మూడొందలు మా ఇంట్లో ఉన్నాయి. మా ఇంట్లో ఉండాల్సిన ముప్పైరెండు ఇక్కడున్నాయి. నేను జ్వరంతో పడుకున్న రెండు రోజులూ ఈ గది తాళంచెవి మా ఇంటి మేకుకే వేలాడింది.

రోజూ క్యారేజీ తెచ్చే మనిషిని ఎవరు అనుమానిస్తారు?

అదే రోజు, సాయంత్రం

అడిగాను. అన్నయ్య నా పెదాలవైపే చూస్తూ విన్నాడు. ఎన్నాళ్ళనుంచో పెదాలే చూస్తున్నాడని ఇప్పుడు తెలిసింది.

దాచలేదు. ఎడమ చెవి ఎప్పుడో పోయిందట, కుడిది కూడా పోతోందట. పద్దెనిమిదేళ్ళు ప్రెస్ నడిపినవాణ్ణి అట్టపెట్టెలు మడవమంటావా అన్నాడు. తనొక్కడే కాదట, షాపులో సగం మంది సంగతి అంతేనట. చెల్లెలి చేత అబద్ధం రాయించలేక మెషీన్ చేత చెప్పించాడట. పరీక్షలయ్యాక మళ్ళీ బిగించాలి కదా, అసలు స్పీకర్లు నా దగ్గరైతే భద్రంగా ఉంటాయని కొత్త హెడ్‌ఫోన్స్‌లో పెట్టి ఇచ్చాడట. ఏం తెలివి, ఏం తెలివి! కొట్టాలనిపించింది. ఏడుపు కూడా వచ్చింది.

సంతకం మెషీన్ పెట్టలేదు, నేను పెట్టానన్నాను. పొడుగాయన హారన్ వినలేదని చెప్పాను. హారన్ కొట్టానన్న డ్రైవర్ మాట అన్నయ్య నమ్మలేదట. ఎవరు చేశారని రాస్తావు అని అడిగాడు. స్పీకర్లు తప్పువని రాస్తానన్నాను. ఎవరని అడిగితే ఏం చెప్పాలో నాకూ తెలియదు.

మార్చి 13, గురువారం

అన్నయ్యే వచ్చి స్పీకర్లు మార్చి బిగించాడు. మీటర్ మూడొందలకి దగ్గరగా చూపించింది. నా చెవులు మళ్ళీ మామూలు చెవులయ్యాయి. అందరికీ పరీక్షలు మళ్ళీ చేయాలని నోటీసు పెట్టాను. సేఫ్టీ ఆఫీసర్ నవ్వు ఆరిపోయింది. ఆయన్ని అనుమానించినందుకు సిగ్గుపడాలి. ఇంకా పూర్తిగా పడలేదు.

మార్చి 14, శుక్రవారం

లైన్లో అందరికంటే ముందు అన్నయ్య నిలబడ్డాడు.

బీప్ పెంచాను. ఇంకా పెంచాను. నా దగ్గర బటన్ లైటు వెలగలేదు. గాజులోంచి నా చేతివైపు చూసి నొక్కేయొచ్చు, చాలామంది చేసే పనే అది. వాడు కళ్ళు మూసుకున్నాడు.

ఉన్నది ఉన్నట్టు రాశాను.

మార్చి 16, ఆదివారం

హెడ్‌ఫోన్స్ ఇప్పుడు అద్భుతంగా ఉన్నాయి. పాటకి ముందు గాయని ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది.

ఎలా ఉన్నాయని అన్నయ్య వెనకనుంచి అడిగాడు. బాగున్నాయన్నాను.

మళ్ళీ అడిగాడు.