మెర్సీ అక్క చదివే పేపర్

శనివారం, నేపర్‌విల్, అమెరికా

మధ్యాహ్నం మా చర్చి మెర్సీ అక్క ఇంట్లో, రేపటి చర్చి భోజనానికి ఇద్దరం కూరగాయలు తరుగుతున్నాం. బిర్యానీ కొలతలు చూడమని తన ఐప్యాడ్ ఇచ్చింది. తెరవగానే లండన్ పేపర్ ఒకటి కనిపించింది. పదేళ్లు అక్కడ ఉండి వచ్చిన మనిషి, చదవడంలో వింత లేదు. కానీ అది వలస వచ్చినవాళ్లను వెళ్లగొట్టమని రోజూ మొదటి పేజీలో రాసే పేపర్. ఇంగ్లండ్‌లో ఎవరు ఏ పేపర్ కొంటారో చూస్తే వాళ్ల ఓటు ఎటో తెలిసిపోతుందని నాకు చెప్పింది అక్కే. ఆ పేపర్‌ని మాత్రం ముట్టుకోనని కూడా చెప్పింది.

వార్త కింద అక్క పేరుతోనే కామెంట్ ఉంది. అమెరికాలో వీసాల మీద ఉన్నవాళ్లను కూడా ఇలాగే పంపించేయాలట.

నా హెచ్1బి వీసా ఎక్స్‌టెన్షన్ ఇంకా రాలేదు. మూడు నెలలుగా ప్రతి ఆదివారం నా చేయి పట్టుకుని దానికోసం ప్రార్థన చేస్తున్నదీ ఈ అక్కే.

ఐప్యాడ్ తన ముందు పెట్టాను. "ఇది నువ్వే రాశావా అక్కా?"

కత్తి పక్కన పెట్టింది. "నీ గురించి కాదు సునీతా. నువ్వు వేరు. మేం ఎంతో కష్టపడి వచ్చాం. ఇప్పుడొచ్చేవాళ్లు అలా కాదు."

"నేనూ ఇప్పుడొచ్చినదాన్నే కదక్కా."

అక్క మళ్లీ కత్తి అందుకుంది. రేపు ప్రార్థనలో నా పేరు ఎత్తవద్దని చెప్పి చెప్పులు వేసుకున్నాను. గుమ్మం దాకా వెంట వచ్చింది.

"ఈ సంగతి చర్చిలో ఎవరికీ చెప్పకమ్మా," అంది.

ఉండమని మాత్రం అనలేదు.