వంటింట్లో విదేశాంగ మంత్రి

నైఫ్, డేరా, దుబాయ్,
30 అక్టోబరు 2022, ఆదివారం.

పక్క గది మిత్రుడు నాగబాబుకు,

ఈ గది నుంచి భూమేశ్ నమస్కారం పెట్టి రాస్తున్న సంగతులు. మీ గదిలో నువ్వూ, సత్యమూ క్షేమమేనని మీ వైపు పొయ్యి మీది తాలింపు వాసన పూటపూటా చెబుతూనే ఉంది. మేమూ క్షేమమే అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. నమ్మడం, నమ్మకపోవడం నీ ఇష్టం.

నాలుగడుగుల అవతల ఉన్నవాడికి ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఏం చేయమంటావు? ఫోన్‌లో నన్ను బ్లాక్ చేశావు. వంటింట్లో ఎదురైతే నా మొహం కాకుండా ఎగ్జాస్ట్ ఫ్యాను చూస్తావు. అందుకే ఆఫీసు నుంచి తెల్లకాగితాలు తెచ్చుకుని కూర్చున్నాను. ఇది ఫ్రిజ్‌లో మీ అరలో, పెరుగు గిన్నె కింద పెడతాను. ఎల్లుండి ఒకటో తారీకు. ఈలోగా మన రెండు గదుల మెస్ మళ్ళీ ఒకటి కాకపోతే గది ఖాళీ చేసి బర్ దుబాయ్ పోదామని మా గది భోజన్న ఖాయం చేశాడు. మా నరేశ్ అక్కడ మూడు మంచాలు చూసి వచ్చాడు కూడా. నాకు పోవాలని లేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే చివరిదాకా చదువుతావని రాశాను.

ఈ తగువు ఎక్కడ పుట్టిందో నీకు ఎప్పుడూ చెప్పలేదు. అది మా ఆఫీసులో పుట్టింది. నేను చాయ్ ఇచ్చేచోట ఇద్దరు ఇంగ్లండువాళ్ళు ఎదురెదురు టేబుళ్ళ దగ్గర కూర్చుంటారు, పీటర్ సార్, హెలెన్ మేడమ్. వాళ్ళ దేశం యూరప్‌తో కలిసుండాలా, విడిపోవాలా అని ఆరేళ్ళ కిందట ఓట్లు పెట్టుకున్నారు. సార్ విడిపోదామన్నాడు, మేడమ్ కలిసుందామంది. సార్ పక్షం గెలిచింది. దేశం విడిపోయి ఊరుకుంది గానీ వీళ్ళిద్దరూ ఊరుకోలేదు. అక్కడ కొత్త మంత్రుల పేర్లు చదివినప్పుడల్లా ఇక్కడ నా చాయ్ చల్లారిపోతుంది.

మొన్న సెప్టెంబరు మొదట్లో వాళ్ళకు కొత్త ప్రభుత్వం వచ్చింది. ఒక్కొక్క మంత్రి పేరు ఫోన్‌లో పడుతుంటే సార్ టేబుల్ చరుస్తాడు, మేడమ్ నుదురు పట్టుకుంటుంది. ఒక పేరు దగ్గర ఆమె, ఈ మనిషికి మా పిల్లిని కూడా ఒప్పజెప్పను అంది. సార్ మాత్రం, ఎవరైతేనేం, మన నిర్ణయం మన చేతికొచ్చింది చాలు అన్నాడు. నేను ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ మాట నాకు భలే నచ్చింది. ఇన్నేళ్ళుగా నా చేతికి ట్రే తప్ప ఏదీ రాలేదు కదా.

అదే రోజు ఇంటికొచ్చి నీ పప్పుచారు కలుపుకున్నాను. అందులో బెల్లం తగిలింది. రోజూ తగిలేదే. కానీ ఆ రోజు నేను వేరే మనిషిని. కంచం పక్కన పెట్టి లేచి, మన పప్పుచారు మన చేతిలకు రావాలె, పొద్దంత ఎండల చెమటోడ్చి రాత్రికి పాయసం తాగాల్నా అని అడిగాను. నేను పనిచేసేది ఏసీలో అని ఎవరికీ గుర్తు రాలేదు. భోజన్న అయితే, నిజమే తమ్మీ, నా నాల్కె సచ్చిపోయింది అని కళ్ళొత్తుకున్నాడు. అప్పటికి మూడోసారి వడ్డించుకుని తింటున్నాడు, గమనించావో లేదో.

నువ్వు గరిటెతో చారు కలిపి చూపించావు. బెల్లం ముక్క పడితేనేగా పులుపు నిలబడుద్ది, కావాలంటే మీ గిన్నెలో ఏరేగా కారం ఏసుకోండెహె అన్నావు. మళ్ళీ, ఉండిపోండ్రా బాబూ, అయిదుగురికి వండటం అలవాటైపోయింది, ఇద్దరికి కొలత తెలీదు నాకు అని కూడా అన్నావు. ఆ మాటకు పక్కన పెట్టిన కంచం మళ్ళీ అందుకోబోయాను. కానీ అప్పటికి నరేశ్ నన్ను భుజాల మీదికి ఎత్తుకోవడానికి వంగి ఉన్నాడు. దిగడం ఎట్లా?

ఓట్ల సంగతి నీకు తెలిసిందే. భోజన్న ఒక్కొక్కరి చేతిలో ఒక శనగబద్ద, ఒక పెసరబద్ద పెట్టాడు. శనగ అంటే విడిపోదాం, పెసర అంటే కలిసుందాం. తువ్వాలు కప్పిన చెంబులో ఒకటి వేసి, రెండోది అక్కడికక్కడే నమిలి మింగాలి, సాక్ష్యం మిగలకూడదు. కుమ్మరించి చూస్తే మూడు శనగలు, రెండు పెసలు. మా గదిలో ముగ్గురం, మీ గదిలో ఇద్దరు. లెక్క సరిపోయిందని అందరూ అన్నారు. నరేశ్ అప్పుడే టైల్స్ పనికి వాడే టేపు తెచ్చి వంటింటి గట్టు మీద సరిహద్దు గీశాడు. ఎడమ పొయ్యి మీది, కుడి పొయ్యి మాది.

తరువాత మా మంత్రివర్గం. భోజన్న పెద్దవాడు కాబట్టి ప్రధాని. నరేశ్‌కి వంట శాఖ ఇచ్చాడు. వాడి అర్హత ఏమిటంటే ఫోన్‌లో వంట వీడియోలు చూస్తాడు. మొదటి రోజు అన్నం పైన పలుకు, అడుగున బొగ్గు. మధ్యలో ఒక గరిటెడు మాత్రం అన్నమే, దాన్ని ముగ్గురం పంచుకున్నాం. బెల్లం లేని స్వతంత్ర పప్పుచారు వచ్చిన రోజున భోజన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఇది చారారా, టైల్స్ కింద పూసే గమ్మారా అని అడిగాడు. నరేశ్ అలిగి రాజీనామా చేశాడు. ఖలాస్, నేను రాయి మీద రాయి అతికిస్త, అన్నం మీద చారు నాతోని కాదు అన్నాడు.

అప్పుడు ప్రధానే స్వయంగా వంట శాఖ తీసుకున్నాడు. ఆయనకు వచ్చింది గుడ్డు ఒక్కటే. పొద్దున గుడ్డు, రాత్రి గుడ్డు. కోడి కూడా ఇంత శ్రద్ధగా పెట్టదని నరేశ్ గొణిగితే, ప్రతిపక్షంల కూసున్నోనికి నోరెక్కువ అని కసిరాడు. ఇప్పుడు ఆ శాఖ ఎవరికీ లేదు. బేకరీ కుబూస్ రొట్టె, ఉల్లిగడ్డ.

ఇక నా పదవి. విడిపోయాక గానీ తెలియలేదు, కుక్కర్ నీది, మిక్సీ నీది, మూకుడు కూడా నీదే. ఎవరు వెళ్ళి అడగాలి? ఎవ్వడు తిట్టిండో గాడే పోయి అడగాలె అని భోజన్న తీర్పు చెప్పాడు. అట్లా నేను విదేశాంగ మంత్రినయ్యాను. జనం స్పందన ఏమిటంటే, నరేశ్ చప్పట్లు కొట్టాడు. ఈ ముక్క హెలెన్ మేడమ్‌కు వచ్చీరాని ఇంగ్లిష్‌లో చెబితే కుర్చీలోంచి జారిపోయేంత నవ్వింది. వాళ్ళ దేశంలోనూ ఆ ఓట్లయిన కొత్తలో, బయటి దేశాలవాళ్ళను వెక్కిరిస్తూ రాసిన మనిషినే విదేశాంగ మంత్రిని చేశారట, అది జోకేమోనని జనం ముందు నమ్మలేదట. పీటర్ సార్ నవ్వలేదు. బిస్కెట్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

నా మొదటి దౌత్యం నీకు గుర్తుండే ఉంటుంది. నేను టేపు దగ్గర నిలబడ్డాను. నువ్వు నన్ను చూస్తూనే, ఆ దేశం మనిషికి ఏం కావాలో కనుక్కో అని సత్యంతో అన్నావు. మిక్సీ అన్నాను. మా మిక్సీలో బెల్లం వాసనొత్తాది, ఆరికి పర్లేదేమో అడుగు అన్నావు. పర్వాలేదని నేను సత్యానికి చెప్పాను, సత్యం నీకు చెప్పాడు. పాపం వాడి పూర్తి పేరు వీరవెంకటసత్యనారాయణ. అంత పేరున్నవాణ్ణి మనిద్దరి మధ్య టెలిఫోన్ తీగను చేశాం.

దీపావళికి ఏమైందంటే, ఇంగ్లండుకు మళ్ళీ ప్రధాని మారుతున్నాడని, ఈసారి వచ్చేవాడు మన మూలాలున్నవాడని వార్త వచ్చింది. నైఫ్‌లో మన క్షౌరశాల అతను వచ్చినవాళ్ళందరికీ లడ్డూ పెట్టాడు. భోజన్న ఆ లడ్డూ కొరుకుతూ, మన దిక్కోడేనా, జగిత్యాల దిక్కా అని అడిగాడు. నరేశ్ అయితే, మనోడంటున్నరు గదా, వీసా ఇస్తడా కనుక్కో అని నా మీదే పెట్టాడు, విదేశాంగ శాఖ నాదే కదా. మేడమ్ కూడా, నీకు గర్వంగా ఉందా అని అడిగింది. మా వంటింట్లో మంత్రి మారితే గర్వపడతానన్నాను.

మర్నాడు కొత్త మంత్రుల జాబితా వచ్చింది. నేను అలవాటుగా చాయ్ పక్కకు జరిపి నిలబడ్డాను. సార్ చదివాడు, మేడమ్ చదివింది. టేబుల్ చప్పుడు లేదు. వీళ్ళెన్నాళ్ళుంటారో అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. సార్ లేచి తన బిస్కెట్ డబ్బా తీసుకెళ్ళి ఆమె టేబుల్ మీద పెట్టాడు. ఆరేళ్ళ తరువాత, నాగబాబూ! ఆ రోజు చాయ్ ఇద్దరూ వేడిగా తాగారు. మనం కూడా ఆరేళ్ళు ఆగాలా అనిపించింది.

అందుకని మా ప్రభుత్వం తరఫున మనవి. మెస్ మళ్ళీ కలిపేయ్. బెల్లం నీ ఇష్టం. ఈ షరతు మీద మా మంత్రివర్గంలో చర్చే జరగలేదు, ఎక్కువ పడ్డా పర్వాలేదని నరేశ్ తనంతట తనే అన్నాడు. అంట్లు మేం తోముతాం. టేపు పీకే పని కూడా మాదే. ఒప్పుకుంటే రేపు సాయంత్రం కుక్కర్‌లో అయిదుగురికి బియ్యం పడాలి. ఒప్పుకోకపోతే ఎల్లుండి మా పెట్టెలు మెట్లు దిగుతాయి.

సత్యానికి నా నమస్కారం చెప్పు.

ఇట్లు,
కుడి పొయ్యి వైపు విదేశాంగ మంత్రి,
భూమేశ్

తా.క.: పైన రాసిందంతా మంత్రిగా రాశాను. ఇది భూమేశ్‌గా.

ఆ రోజు చెంబులో నేను వేసింది పెసరబద్ద. అంత ఉపన్యాసం ఇచ్చి, అందరినీ ఒప్పించి, నన్ను నేనే ఒప్పించుకోలేకపోయాను. ఉండిపోండ్రా అని నువ్వు అన్నప్పుడే నా పని అయిపోయింది. నాది, నీది, సత్యానిది మూడు పెసలు వస్తాయి, ఓడిపోయి హాయిగా భోంచేయొచ్చు అనుకున్నాను. కుమ్మరిస్తే రెండే వచ్చాయి. నన్ను అందరూ కౌగిలించుకుంటుంటే నా మొహంలో నెత్తురు లేదు. మీ గదిలో ఒకరు మమ్మల్ని వద్దనుకున్నారు, అది నువ్వు మాత్రం కాదని, సత్యమేనని రెండు నెలలుగా వాణ్ణి లోలోపల తిట్టుకున్నాను.

నిన్న మెట్ల మీద వాణ్ణి నిలదీశాను. తల్లి మీద ఒట్టేసి చెప్పాడు, తనది పెసరేనట. పాయసం అన్న మాట ఇనలేక నాగబాబే శనగేసేడు, ఆ రేత్రి అన్నం కూడా ముట్టలేదు అన్నాడు. నాకు కోపం రాలేదు. మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. నువ్వు ఉండమని నోటితో అని చేత్తో పంపేశావు. నేను పోదామని నోటితో అని చేత్తో ఉండిపోయాను. ఊరికే లెక్క సరిపోయింది.

ఈ సంగతి భోజన్నకు చెప్పకు, మళ్ళీ ఓట్లు పెడతాడు. నువ్వు నిజంగా నన్ను వెళ్ళిపొమ్మనాలనుకుంటే ఈసారి ఎగ్జాస్ట్ ఫ్యాను వంక కాకుండా నా మొహం చూసి చెప్పు. చెప్పలేవులే.